నిక్ డ్రేక్ లేని నిక్ డ్రేక్ కచేరీ

2010 జనవరి, లండన్. బార్బికన్ స్టేషన్‌లో దిగి పైకి రాగానే చలి చెవులు పట్టుకుంటుంది. ఎటు చూసినా కాంక్రీటే: గోడలు, మెట్లు, వంతెనలు, మబ్బుల్లోకి లేచిన మేడలు. ఇక్కడ దారి తప్పడం మామూలే కాబట్టి నేల మీద పసుపు గీత గీసి ఉంచారు. దాని వెంట నడుస్తారు. తలుపు తోసుకుని లోపలికెళ్తే వెచ్చదనం, కోట్లు విప్పుకుంటున్న జనం, చెక్కతో తీర్చిన పెద్ద హాలు.

ఈ రాత్రి కచేరీ పేరు ‘వే టు బ్లూ’. పాటలన్నీ నిక్ డ్రేక్ అనే ఒక్కడివే. పాడేది మాత్రం అతను కాదు. అతను పోయి ముప్పై అయిదేళ్లు దాటింది.

వేదిక మీద ఒక కుర్చీ, ఒక గిటారు ఉంటాయనుకుని వచ్చుంటే ఆశ్చర్యపోతారు. పియానో ఉంది, డబుల్ బేస్ ఉంది, వయొలిన్ల బృందం ఉంది. ఇతని పాటలు వినేవాళ్లు మామూలుగా గది తలుపేసుకుని ఒక్కరే వింటారు. అలాంటి వాళ్లంతా ఇవాళ మోచేతులు తగిలేంత దగ్గరగా కూర్చున్నారు.

దీపాలు ఆరేలోపు అతని కథ గుర్తు చేసుకోవచ్చు, చిన్నదే. 1948లో రంగూన్‌లో పుట్టాడు. కోస్తా జిల్లాల నుంచి మనవాళ్లు తరతరాలుగా పని వెతుక్కుంటూ ఓడెక్కి వెళ్లిన ఆ రంగూనే. తండ్రి అక్కడ కలప వ్యాపారం చేసే బ్రిటిష్ కంపెనీలో ఇంజినీరు. నిక్ పెరిగింది ఇంగ్లండ్‌లో, టాన్‌వర్త్ ఇన్ ఆర్డెన్ అనే పల్లెలో. కేంబ్రిడ్జ్ చదువు మధ్యలో మానేశాడు. 1969, 1972 మధ్య మూడు ఆల్బమ్‌లు తెచ్చాడు. బతికుండగా ఒక్కటీ అయిదు వేల కాపీలకు మించి అమ్ముడుపోలేదంటారు.

పాటను బట్టి గిటారు శ్రుతి మార్చేవాడు. కచేరీలో తల వంచుకుని బిరడాలు తిప్పుతూ కూర్చుంటే కింద జనం గ్లాసులు పట్టుకుని కబుర్లలో పడేవారు. ఒక మాట విసిరి వాళ్లను నవ్వించడం అతనికి చేతకాదు. 1970లో ఒక కాలేజీలో పాట సగంలో లేచి వేదిక దిగి వెళ్లిపోయాడు. 1974 నవంబరులో, 26 ఏళ్లకు, తల్లిదండ్రుల ఇంట్లో మందుల మోతాదు మించి చనిపోయాడు. పెద్దయ్యాక అతను పాడుతున్న దృశ్యం ఒక్క సెకను కూడా ఎక్కడా దొరకలేదు. కాబట్టి ఈ రాత్రి పాడేవాళ్లకు అతని నిలుపు, చూపు, వేళ్ల కదలిక చూసి నేర్చుకునే వీల్లేదు. రికార్డులే ఆధారం.

దీపాలు తగ్గాయి.

టెడ్డీ థాంప్సన్ మైకు ముందుకొస్తాడు. పాట ‘రివర్ మ్యాన్’. మీ వేళ్లు మోకాలి మీద తాళం వెతుక్కుంటాయి. నాలుగు లెక్కపెట్టేసరికి ఇంకొకటి మిగులుతుంది. అయిదు మాత్రలు. ‘తక తకిట’ అని లోపల అనుకుంటే దారి దొరుకుతుంది. ఖండచాపు విన్న చెవికి ఈ నడక పరిచయమే. డ్రేక్ ఈ పాటను పక్కవాడికి కూడా వినపడకూడదన్నట్టు, సగం ఊపిరిలోనే ఉంచుకుని పాడాడు. టెడ్డీ గొంతు విప్పి పాడతాడు. మొదటి చరణంలో ‘ఇదేంటి, ఇంత బాహాటంగా’ అనిపిస్తుంది. రెండో చరణానికి ఆ మాట మరిచిపోతారు. రికార్డులో మంచు పట్టినట్టున్న రాగం ఇప్పుడు మలుపు మలుపునా తేటగా వినబడుతోంది.

ఈ గొంతుకూ ఈ పాటలకూ పాత లెక్క ఉంది. టెడ్డీ తండ్రి రిచర్డ్ థాంప్సన్ డ్రేక్ మొదటి ఆల్బమ్‌లో గిటారు వాయించాడు. ఆ ఆల్బమ్ నిర్మాత జో బోయ్డ్ 1970లో తన దగ్గరున్న పాటలను వేరే గాయకులకు అంటగట్టడానికి ఒక నమూనా రికార్డు చేయించాడు. డబ్బులిచ్చి పిలిపించిన గొంతుల్లో ఒకటి టెడ్డీ తల్లి లిండాది. ఇంకొకటి, అప్పటికింకా పెద్దగా పేరు రాని ఎల్టన్ జాన్‌ది. డ్రేక్ పాటలు నాలుగు ఎల్టన్ వంతుకొచ్చాయి. పియానో ముందు కూర్చుని హాయిగా, ధీమాగా పాడేశాడు. ఆ ఆగస్టులోనే లాస్ ఏంజెలస్‌లో ట్రూబడూర్ క్లబ్ వేదికెక్కి తారాపథానికి వెళ్లిపోయాడు. డ్రేక్ పాటలు ఉన్నచోటే ఉన్నాయి. ‘మై బాయ్ లాలీపాప్’ పాడిన జమైకా గాయని మిల్లీ స్మాల్ ఆ ఏడాదే అతని ‘మేఫెయిర్’ను రికార్డు చేసింది. దాన్నీ ఎవరూ పట్టించుకోలేదు.

అప్పుడు పాటల బేరానికి తిరిగిన ఆ జో బోయ్డే ఈ రాత్రి కచేరీని కూర్చాడు.

క్రిస్టల్ వారెన్ వస్తుంది. అమెరికా గాయని, కాన్సస్ సిటీ. ‘టైమ్ హాజ్ టోల్డ్ మీ’ ఎత్తుకోగానే హాల్లో గాలి మారుతుంది. ఆమెది బరువైన, లోతైన గొంతు, చర్చి పాటల్లో నానినట్టుంటుంది. డ్రేక్ సున్నితంగా తాకి వదిలిన మాట దగ్గర ఆమె ఆగుతుంది, దాన్ని సాగదీస్తుంది, గమకమిచ్చి తిప్పుతుంది. వెనక డబుల్ బేస్ మీద డానీ థాంప్సన్. (టెడ్డీకి చుట్టం కాదు, ఇంటిపేరొక్కటే.) నలభై ఏళ్ల కిందట ఈ పాట రికార్డు చేసినప్పుడు బేస్ వాయించిందీ ఆయనే. వయసు డెబ్భై. ఆ కుర్రాడి ఊపిరికి ఊతమిచ్చిన వేళ్లు ఇప్పుడు ఈమె దమ్ముకు తగ్గట్టు బరువు పెంచుతున్నాయి.

గ్రీన్ గార్ట్‌సైడ్ ‘ఫ్రూట్ ట్రీ’ పాడేటప్పుడు మీ కళ్లు వయొలిన్ల వైపు పోతాయి. పేరు ప్రతిష్ఠలు మనిషి పోయాకే వస్తాయని ఇరవై ఏళ్ల వయసులో రాసుకున్న పాట. దీనికి వయొలిన్ల కూర్పు చేసింది కేంబ్రిడ్జ్ స్నేహితుడు రాబర్ట్ కర్బీ. మొదట బోయ్డ్ ఒక అనుభవజ్ఞుణ్ణి పెట్టుకున్నాడు. నోరెత్తని నిక్, ఆ పనితనం నచ్చక, తన స్నేహితుడు చేస్తాడని పట్టుబట్టాడు. కర్బీ మూడు నెలల కిందట, 2009 అక్టోబరులో పోయాడు. పాట పైకి ఎంత విషాదంగా ఉన్నా ఆ వయొలిన్లలో ఇద్దరు విద్యార్థుల గర్వం దొరుకుతుంది, వినండి.

తర్వాత వాష్టీ బన్యన్, ‘విచ్ విల్’. గొంతు ఎంత సన్నమంటే మీరు తెలియకుండానే ముందుకు వంగుతారు. ఈమెదీ అదే కథ. 1970 నాటి ఆల్బమ్‌కు నిర్మాత బోయ్డ్, వాద్య రచనలో కర్బీ చెయ్యి, అమ్మకాలు లేవు. పాట మానేసి పిల్లల్ని పెంచుకుంటూ ముప్పై ఏళ్లు ఉండిపోయింది. కొత్త తరం ఆ రికార్డును వెతికి పట్టుకున్నాక 2005లో రెండో ఆల్బమ్ చేసింది. ఒకప్పుడు ఈమెనూ నిక్‌నూ కలిపి కూర్చోబెట్టి పాట రాయమన్నాడు బోయ్డ్. ఇద్దరూ బిడియస్థులే, పాట రాలేదు. ఆమె బతికి ఉంది కాబట్టి తన ఆలస్యపు చప్పట్లు తనే వింటోంది. ఆమెకు కొట్టే చప్పట్లలో కొన్ని అతనివి కూడా.

ఇక లిసా హానిగన్. ఐర్లండ్ అమ్మాయి. ముందు హార్మోనియం. మన పద్యనాటకాల్లో, భజన మందిరాల్లో మూలిగే పెట్టే. ఒక చేత్తో తిత్తి ఊదుతూ, పాదంతో వేదికను తన్నుతూ ‘బ్లాక్ ఐడ్ డాగ్’ మొదలుపెడుతుంది. 1974లో, చివరి రోజుల్లో డ్రేక్ పాడిన పాట ఇది. కుంగుబాటు గుమ్మం ముందు కుక్కలా కాచుకుని ఉంటుంది అందులో. అతని గొంతు అక్కడ ఓడిపోయినవాడిది. ఈమె ఓడిపోదు. దడ్, దడ్, దడ్ మని పాదం పడుతుంటే ఆ దెబ్బ కుర్చీలోంచి మీ వెన్నులోకి ఎక్కుతుంది. గొంతు పైకి లేస్తుంది, అరుపు అంచుదాకా వెళ్తుంది. ఇది మీరు అయ్యో పాపం అనుకుంటూ విన్న పాటేనా? ఇప్పుడు భయమేస్తోంది. పాట ఆగాక చప్పట్లు మొదలవడానికి ఒక్క క్షణం పడుతుంది.

2000 ప్రాంతంలో ఫోక్స్‌వ్యాగన్ కారు ప్రకటనలో ‘పింక్ మూన్’ వినిపించాక అతని రికార్డుల అమ్మకం ఒక్కసారిగా పెరిగింది. ఆ ప్రకటన అతని గొంతుకు శ్రోతల్ని తెచ్చింది. వాళ్లలో చాలామంది గొంతుతోపాటు కథనూ ఇంటికి తీసుకుపోయారు: అందగాడు, ఒంటరివాడు, అర్ధాయుష్కుడు. ఆ కథ తెలిశాక పాటను పాటగా వినడం కష్టం. ప్రతి స్వరంలోనూ చావు కబురే వినబడుతుంది.

ఈ హాల్లో జరుగుతున్నది వేరు. ఒకరు గొంతు విప్పారు, ఒకరు సాగదీశారు, ఒకరు కాలితో తన్నారు. ఏ పాటా విరగలేదు. జాలి పక్కకు జరిగేసరికి అయిదు మాత్రల నడక, ఎవరూ ఊహించని చోట తిరిగే రాగం, ఇరవై ఏళ్లవాడి పనితనం బయటపడ్డాయి. అతనిలాగే గుసగుసగా పాడేవాళ్లు ఊరికొకరు దొరుకుతారు. వాళ్లు అతని బాధను తలకెత్తుకుంటారు. అతను అసలు ఎంత గట్టి పాటలు కట్టాడో తేల్చి చెప్పేది మాత్రం అతనికి బొత్తిగా పోలిక లేని గొంతే.