మార్కుల కాగితంలో కనబడని మెహనత్

రిజల్ట్ రాగానే మన ఇళ్లల్లో అమ్మీ అబ్బాల మొదటి సవాల్: "ఎన్ని మార్కులొచ్చాయి?" అప్పుడు నాకు వేములవాడ పక్కనున్న హనుమాజీపేట యాదికొస్తుంది.

1931లో అక్కడ రైతు ఇంట్లో పుట్టిన సి. నారాయణరెడ్డి నిజాం జమానాలో ఉర్దూ మీడియంలో చదివారు. తెలుగు మీద షౌక్ మాత్రం ఊళ్లో హరికథలు, జంగం కథలు వింటూ పెరిగింది. ఆ వినడానికి ఏ ఇమ్తెహాన్‌లోనూ మార్కులుండవు. ఆ షౌక్‌కు మెహనత్ తోడైంది. ఉస్మానియాలో తెలుగు ప్రొఫెసరయ్యారు. 'విశ్వంభర'కు 1988 జ్ఞానపీఠ్ అందుకున్నారు.

చదువు చెప్పిన ఉర్దూనూ మరవలేదు, తెలుగులో గజళ్లు రాశారు, పాడారు. నా లెక్కలో అదే అఖ్లాక్.

అందుకే పిల్లల్ని నేనిలా అడుగుతాను: ఈ ఏడాది ఏ పని దిల్ పెట్టి చేశావు బేటా? ఎవరి ఎహ్సాన్ యాద్ పెట్టుకున్నావు?