ఆయుధశిల్పం: ఉత్తర తెలంగాణ నేర్పిన పాఠం

తుపాకుల తయారీ, మరమ్మతు నేర్చుకొని జీవనం సాగించవచ్చునా? జమ్మికుంట వంటి పట్టణంలో పారిశ్రామిక శిక్షణ ముగించి, ఆకురాయి, లేతు యంత్రం చేతికి అలవడిన యువకుడు ఈ ప్రశ్న అడుగుట సహజం. దీనికి సమాధానం ఉద్యోగ ప్రకటనలలో కంటె ఈ సీమ చరిత్రలోనే స్పష్టంగా కనిపించునని మేము తలచుచున్నాము. ఏలననగా నేడు పత్తి మార్కెటుకు, రైలుదారికి పేరుపొందిన జమ్మికుంట చుట్టుప్రక్కల గల కరీంనగరు, నిజామాబాదు, ఆదిలాబాదు సీమలు ఒకప్పుడు ఇనుముకు, ఉక్కుకు, ఫిరంగులకు పేరుపొందినవి.

ముందుగా ఉక్కు సంగతి చూతము. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రం ఒక చిన్న గ్రామం. లాంబ్టన్ దొర సాగించిన భూమి కొలతల సంస్థలో వైద్యుడుగాను, భూగర్భ శాస్త్రజ్ఞుడుగాను పనిచేసి 1824లో మరణించిన హెన్రీ వాయిసీ ఈ గ్రామంలో ఉక్కు చేయు విధానాన్ని స్వయంగా చూచి వ్రాసిపెట్టినాడు. రెండు రకాల ఇనుమును తగు పాళ్ళలో కలిపి, మట్టి మూసలలో పెట్టి, మూతలు బిగించి, తిత్తులతో ఊదుచు ఎడతెగక కాల్చెడివారు. ఆ పిదప మెల్లగా చల్లారనిచ్చిన ఉక్కుముద్దల కొరకు పారశీక వర్తకులు ఆ గ్రామానికే వచ్చెడివారు. లోకమెల్ల కొనియాడిన డమాస్కసు ఖడ్గాలకు ఇటువంటి దక్షిణదేశపు ఉక్కే ఆధారం. 2010లో ఇంగ్లండులోని ఎక్సెటరు విశ్వవిద్యాలయము, బెంగుళూరులోని జాతీయ ఉన్నతాధ్యయన సంస్థయు కలసి ఉత్తర తెలంగాణలో పరిశోధన జరిపినప్పుడు ఊరూర పాత కొలిముల చిట్టెపు దిబ్బలు కనబడినవి.

ఈ విద్యకు పాఠశాల లేదు, పుస్తకము లేదు. తండ్రి కొలిమియే కుమారునికి బడి. మంట రంగును చూచి వేడిని గుర్తించుట, మూస మట్టిని పాకానికి తెచ్చుట, ఎప్పుడు ఊదుట ఆపవలెనో తెలియుట, ఇవన్నియు చూచి చేసి నేర్చుకొనవలసినవే. అందుచేత నేర్పు లోతుగా నాటుకొన్నది. కాని కొలిమి ఆరిపోయిన నాడు ఆ నేర్పును నిలుపుటకు వేరొక చోటు లేకపోయినది.

ఉక్కు కత్తికి సరిపోయినది. ఫిరంగి సంగతి వేరు. కంచును కరగించి అచ్చులో పోసి, లోపలి గొట్టమును నునుపుచేసి, చక్రాల బండిపై ఎక్కించవలెను. ఇది ఒక్క కమ్మరి పని కాదు. పోతపనివారు, వడ్రంగులు, కొలత తెలిసిన ఇంజనీరు అందరును కావలెను. అంతమందిని పోషించుట రాజుకే సాధ్యం. 18వ శతాబ్దిలో ఎలగందల, నిర్మల సీమల నేలిన జఫరుద్దౌలా అనబడు ఇబ్రహీం బేగు ధంసా ఆ పనికి పూనుకొన్నాడు. నిర్మలలో ఫ్రెంచివారి సాయంతో కోటలు లేచినవి. ఫిరంగులు పోతపోయు కార్ఖానా వెలసినది.

ఆ తరువాత హైదరాబాదు వంతు వచ్చినది. నిజాం ఆలీఖాను కొలువులోని ఫ్రెంచి సేనాని రేమాను 1795లో అచ్చట ఫిరంగుల కార్ఖానా నెలకొల్పినాడు. ప్రజలు దానిని ‘తోప్ కా సాంచా’ అన్నారు. నేటికిని ఆ పేట పేరు గన్‌ఫౌండ్రీయే. కాని 1798 మార్చిలో రేమాను మరణించినాడు. అదే సంవత్సరం సెప్టెంబరులో నిజాము ఇంగ్లీషు వారితో సంధి చేసికొన్నాడు. అక్టోబరులో ఫ్రెంచి అధికారుల క్రిందనున్న దళాలను నిరాయుధం చేసినారు. పనివాండ్ర నేర్పు ఒక్క ఏటిలో తగ్గలేదు. వారికి పని చెప్పు ప్రభువు మారినాడు. అంతే.

నిర్మలలోనే ఇంకొక శిల్పమున్నది. పొణికి కర్రతో బొమ్మలు చేయు కళాకారుల వృత్తి నేటికిని నిలిచియున్నది. ఫిరంగుల కార్ఖానా నిలువలేదు. బొమ్మను ఎవరైనను కొందురు. ఫిరంగిని రాజ్యమొక్కటే కొనును. ఈ భేదాన్ని గమనించనిదే ఆయుధవృత్తి భవిష్యత్తును గూర్చి మాటాడుట వ్యర్థం. ఉక్కు విషయంలో మరొక దెబ్బ కూడ తగిలినది. 1856లో బెస్సెమరు ప్రకటించిన పద్ధతి వలన యంత్రశాలలలో ఉక్కు చవుకగా తయారగుటతో మూసల ఉక్కుకు గిరాకీ సన్నగిల్లినది.

పోషకుడు పోయినను నేర్పు మిగిలిన చోట ఏమి జరిగినదో బీహారులోని ముంగేరు చెప్పును. బెంగాలు నవాబు మీర్ కాసిం 1760 ప్రాంతాలలో తన రాజధానిని అచ్చటికి మార్చి ఆయుధశాల నెలకొల్పినాడు. నవాబు పోయినను పనివారు మిగిలినారు. వారి వారసులలో కొందరు లైసెన్సు గల కర్మాగారాలలో స్థిరపడినారు. గిరాకీ తగ్గిన కొలది మరికొందరు దొంగతుపాకుల తయారీకి దిగి చెరసాలల పాలైనారు. మన అడవిపల్లెలలోను భర్మారు అనబడు నాటుతుపాకి చేయుట ఎరిగిన కమ్మరులు లేకపోలేదు. వారి చేతినైపుణ్యాన్ని మేము తక్కువచేయము. కాని దానిని చట్టం గుర్తించదు.

ఆ చట్టమేమి? 1878 నాటి ఆయుధ చట్టం బ్రిటిషు ఇండియాలో జనుల చేతిలోని ఆయుధాలను లైసెన్సుకు కట్టివేసినది. స్వతంత్ర భారతంలో 1959 నాటి చట్టం 1962 అక్టోబరు 1 నుండి అమలులోనికి వచ్చినది. దీని ప్రకారం తుపాకిని చేయుటకే కాదు, అమ్ముటకు, మరమ్మతు చేయుటకు కూడ లైసెన్సు కావలెను. 2019లో జరిగిన సవరణతో అక్రమ తయారీకి ఏడేండ్లకు తగ్గని, యావజ్జీవం వరకు పోగల ఖైదు విధింపబడినది. ఒక వ్యక్తి ఉంచుకొనదగిన తుపాకులు మూడు నుండి రెండుకు తగ్గింపబడినవి. కనుక సొంత దుకాణం పెట్టి తుపాకుల మరమ్మతుతో కుటుంబం గడుపుదునను ఆశకు నేడు చోటు బహు స్వల్పం.

మరి నేర్చినవానికి దారి లేదా? ఉన్నది, కాని అది సంస్థల గుండా పోవును. సైన్యంలో ఈ.ఎం.ఈ. దళం ఆయుధాల మరమ్మతు చూచును. దాని శిక్షణ సంస్థలు సికింద్రాబాదులోనే ఉన్నవి. పోలీసు శాఖలో ఆర్మరరు పని కలదు. సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలో 1984లో స్థాపింపబడిన మెదకు ఆర్డినెన్సు ఫ్యాక్టరీ పదాతిదళాల యుద్ధవాహనాలు చేయును. 2021 అక్టోబరు 1 నుండి అది ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్ అను ప్రభుత్వ కంపెనీలో భాగం. 2001 నుండి రక్షణ పరిశ్రమలో ప్రైవేటు సంస్థలకును ప్రవేశం లభించినది. వీనిలో చేరగోరువారికి ఐ.టి.ఐ.లోని ఫిట్టరు, టర్నరు, మెషినిస్టు విద్యలే పునాది. 1961 నాటి అప్రెంటిసు చట్టం క్రింద కర్మాగారంలో పని నేర్చుకొను ఏర్పాటు కూడ కలదు.

ఈ దారిలో ఒక మేలున్నది. తుపాకి గొట్టమును వెంట్రుకవాసి తేడా లేకుండ తొలుచుట నేర్చిన చేయి పంపుసెట్టునైనను, రైలింజనునైనను బాగుచేయగలదు. కోనసముద్రంలోని ఉక్కు పనివానికి, నిర్మలలోని పోతపనివానికి ఇట్టి రెండవ త్రోవ లేకపోయినది. కొనువాడు ఒక్కడే అయిన విద్యను నేర్చువాడు, పదిమందికి పనికివచ్చు విద్యను ముందు చేతబట్టవలెను. జమ్మికుంట యువకునికి ఈ సీమ చరిత్ర చెప్పగల మాట ఇదియే.