గోదావరి మండలంలో పశురక్షణ, క్రూరమృగ నిర్మూలన: ఒక చారిత్రక పరిశీలన

వలసపాలన కాలంలో క్రూరమృగాల సమస్యను ప్రభుత్వం ప్రధానంగా తలల లెక్కగా పరిగణించింది. చంపిన జంతువు ఆనవాలును కచేరీలో చూపినవారికి బహుమానం ముట్టేది. 1875 నుంచి 1925 వరకు ఈ విధంగా దేశంలో 80,000కు పైగా పులులు, 1,50,000కు పైగా చిరుతలు, 2,00,000 తోడేళ్ళు హతమయ్యాయని చరిత్రకారుడు మహేశ్ రంగరాజన్ అంచనా. వీటిలో తోడేళ్ళ సంఖ్యే పెద్దది. సందేహానికి ఎక్కువ తావిచ్చేదీ అదే. నక్కను తోడేలుగా చూపి బహుమానం పుచ్చుకుంటున్నారన్న అనుమానం నాటి అధికారులకే ఉండేది.

ఈ లెక్కలతో గోదావరి మండల పరిస్థితి బోధపడదు. తోడేలు పొడి మైదానాల జంతువు. గొర్రెల మందలు తిరిగే దక్కను, రాయలసీమ మెట్టభూములు దానికి నెలవు. కాలువలతో తడిసే డెల్టాలో దానికి చోటు తక్కువ. పాపికొండల అడవులు పులికీ చిరుతకూ స్థావరాలు. కనుక ఇక్కడ విచారించవలసిన ప్రశ్న వేరు: డెల్టా రైతు పశువు పులి ఎదుటికి ఎలా చేరింది?

దీనికి సమాధానం చాలావరకు ధవళేశ్వరం ఆనకట్టలో ఉంది. 1847లో ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో మొదలై 1852లో పూర్తయిన ఈ ఆనకట్ట డెల్టాను వరిపొలంగా మార్చింది. దానివల్ల కరవు భయం తగ్గిన మాట నిజం. పచ్చికబయళ్ళు తగ్గిన మాటా నిజమే. దుక్కిటెద్దులు లేకుండా వరిసాగు సాగదు, ఊడ్పులయ్యాక వాటిని ఊళ్ళో మేపే చోటు మిగలదు. అందువల్ల సాగుకాలంలో పశువులను మెట్టకూ, అడవి అంచులకూ తోలడం అవసరమైంది. కోతలయ్యాక అవి తిరిగి వచ్చేవి. గొర్రెల మందల నడక ఇందుకు విపర్యయం: పైరు లేని రోజుల్లో అవి పల్లానికి దిగి, పొలాల్లో ఎరువు కోసం మంద కట్టేవి. ప్రతిఫలంగా గొల్లలకు ధాన్యం లభించేది.

కాపరుల రక్షణోపాయాలు ఈ సంచారానికి తగినవే. ముళ్ళకంపతో దొడ్డి, రాత్రి కావలి, నెగడు, కుక్కలు, గంపల కింద కమ్మిన గొర్రెపిల్లలు. వీటిలో ఏదీ మృగాన్ని చంపడానికి ఉద్దేశించినది కాదు, దాన్ని మందకు దూరంగా ఉంచడానికే. బహుమానపు విధానం ఈ జ్ఞానాన్ని లెక్కలోకి తీసుకోలేదు. అందులో ఫలితం వేటగాడికి దక్కుతుంది. పశువును కోల్పోయినవాడికి ఏమీ రాదు. 1878 నాటి ఆయుధ చట్టంతో తుపాకీకి లైసెన్సు తప్పనిసరి అయింది. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం రిజర్వు అడవుల్లో మేతను నియంత్రించింది. పుల్లరి కట్టి అడవిలోకి వెళ్ళిన కాపరి చేతిలో మాత్రం కర్రే ఉండేది. మన్యంలో 1922 నాటి అల్లూరి సీతారామరాజు తిరుగుబాటుకు పోడుపై, అడవిపై విధించిన ఆంక్షలు ఎంత కారణమో చరిత్రకారులు విస్తృతంగానే చర్చించారు. అదే అడవిలో పశుకాపరి ఎదుర్కొన్న ఇక్కట్లపై అంత దృష్టి పడలేదు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ విధానాన్ని తలక్రిందులు చేసింది. మొదటి షెడ్యూలులోని జంతువు మనిషి ప్రాణానికి ప్రమాదకరమైనా, కోలుకోలేని వ్యాధికో వైకల్యానికో లోనైనా తప్ప దాని వేటకు అనుమతి ఉండదు. పశువులను చంపడం అందుకు చాలదు. నేడు పులి, చిరుత, తోడేలు మూడూ ఆ షెడ్యూలులోనే ఉన్నాయి. పాపికొండలు 1978లో అభయారణ్యంగా, 2008లో జాతీయోద్యానంగా ప్రకటితమయ్యాయి. రక్షణ భారం మళ్ళీ దొడ్డి మీదికీ, కావలి మీదికీ వచ్చింది.

2022 మే నెలాఖరులో కాకినాడ జిల్లా ప్రత్తిపాడు మండలంలో ఒక పులి పశువులను చంపుతూ తిరిగింది. అటవీశాఖ బోనులు పెట్టినా అది చిక్కక ఉత్తరదిశగా సాగిపోయింది. డెల్టా పశువులు ఒకప్పుడు మేతకు ఎక్కిన మెట్టప్రాంతమే అది. 2024 సెప్టెంబరులో దివాన్‌చెరువు అటవీప్రాంతంలో కనిపించిన చిరుత కడియం నర్సరీల వరకు వచ్చింది. అక్కడ దాని దారిలో మేత మందలు లేవు, మొక్కల వరుసల మధ్య పనిచేసే కూలీలు ఉన్నారు.