అమరావతీ స్తూపము – విధికుని దానశిల

మనకు పూర్వచరిత్రము లేదని పలుకువారు నేటికిని గలరు. వారికి వాదముతో గాక శిలతోనే బదులు చెప్పవచ్చును. ఆ శిల విజయవాడకు ఎగువను కృష్ణాతీరమున నున్న అమరావతీ స్తూపమునకు జెందినది.

శాతవాహనుల నాటి ధాన్యకటకము చెంత వెలసిన యా మహాస్తూపము సుమారు 160 అడుగుల వ్యాసము గలది. దానిని ఏ యొక్క రాజో కట్టింపలేదు. వర్తకులు, గృహస్థులు, భిక్షుణులు తలకొక ఫలకమో స్తంభమో యిచ్చిరని ప్రాకృత శాసనములు తెలుపుచున్నవి. అందొక పూర్ణఘట ఫలకమును సమర్పించినవాడు చర్మకారుడగు విధికుడు. తల్లి, భార్య, సోదరులు, కుమారుడు, కుమార్తెలు, బంధుమిత్రులతో గూడి యిచ్చితినని చెక్కించెను. తండ్రియగు నాగుని ఉపాధ్యాయుడని పేర్కొనెను. వృత్తిని దాచుకొనలేదు, విద్యను మరువలేదు.

విధికుడు మన మూలపురుషుడని నేననను. నాటి వృత్తియు నేటి కులమును ఒక్కటి కాకపోవచ్చును. కాని చర్మకారునికి ధర్మస్థానమున పేరుండెననుట నిర్వివాదము. 1917లో బెజవాడయందు భాగ్యరెడ్డివర్మగారి అధ్యక్షతను జరిగిన సభలో ‘ఆది ఆంధ్ర’ నామమును గైకొన్న పెద్దలు కోరినదియు అట్టి గౌరవమే గదా!

ఆ స్తూపమునకు పట్టిన గతి శోచనీయము. 18వ శతాబ్దము చివర వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు అమరావతీ పట్టణమును నిర్మించుచుండ, ఆ దిబ్బనుండి రాళ్ళు తరలిపోయెను. సున్నపురాయి యగుటచే కొన్ని శిల్పములు బట్టీలలో కాలి సున్నమయ్యెను. 1845లో ఎలియట్టుదొర త్రవ్వించిన ఫలకములలో పెక్కులు చెన్నపట్టణము మీదుగా లండను చేరినవి. స్థలమున నిలిచినది ముఖ్యముగా పీఠభాగమే.

నేడా స్తూపమును, ఉండవల్లి గుహలును కేంద్రప్రభుత్వ రక్షణలో నున్నవి. 1958 నాటి శాసనమునకు 2010లో జరిగిన సవరణము ననుసరించి రక్షిత కట్టడమునకు 100 మీటర్లలోపల క్రొత్త కట్టడము నిషిద్ధము. ఆపై 200 మీటర్లవరకు అనుమతి యావశ్యకము. కాని చట్టము హద్దును కాపాడును గాని జ్ఞాపకమును కాపాడజాలదు. మట్టిదిబ్బ యని తలచిన దినములలోనే గదా స్తూపము సున్నమైనది!

కావున మీ బిడ్డలను అమరావతికి తోడ్కొనిపొండు. విధికుని కథ చెప్పుడు. పొలమున వ్రాతగల రాయి కనబడిన గట్టునకు వాడక అధికారులకు తెలుపుడు. ఏ రాతిపై ఎవని పేరున్నదో యెవరెరుగుదురు?