ఫోన్ కవర్ చెక్కది కావాలా? ముందు ఆ చెక్క కథ వినండి

మొన్న అమలాపురంలో మన యువజనుల సమావేశం అయ్యాక ఒక తమ్ముడు తన కొత్త ఫోన్ చూపించి, "అన్నా, దీనికి చెక్క కవర్ కొందామనుకుంటున్నా. ఏది మంచిదంటావు?" అని అడిగాడు. ఆన్‌లైన్‌లో నాలుగు చూసి పెట్టుకున్నాడు. ఒకటి వెదురుది, ఒకటి టేకుది, ఒకటి రోజ్‌వుడ్‌ది. నాలుగోదాని మీద తెల్లగీతల మనుషులు చేతులు పట్టుకుని ఆడుతున్నారు, కింద "ట్రైబల్ ఆర్ట్" అని రాసి ఉంది. ధర ఉంది, రంగు ఉంది, ఏ మోడల్‌కి సరిపోతుందో ఉంది. చెట్టు ఏ అడవిదో, బొమ్మ ఏ జాతిదో, చేసిన చెయ్యి ఎవరిదో మాత్రం ఎక్కడా లేదు.

ఆ రోజు బస్సు టైమయిపోయి అతనికి రెండు ముక్కల్లో చెప్పి పంపేశాను. మిగతాది ఈ సంచికలో చెబుతున్నాను. ఫోన్ కవర్ చిన్న వస్తువే. కానీ గిరిజనుల పిల్లలు చెక్కతో చేసినదేదైనా కొనేటప్పుడు అందులో మన చరిత్ర కూడా కొంత ఉంటుంది. అది తెలిసి కొనడం వేరు, తెలియక కొనడం వేరు.

నది మోసుకొచ్చిన కలప

కోనసీమలో కొబ్బరి ఉంది, తాడి ఉంది, పనస ఉంది, మామిడి ఉంది. టేకు అడవి లేదు. అయినా కొత్తపేట, రాజోలు, అమలాపురం చుట్టుపక్కల పాత మండువా లోగిళ్లలోకి వెళ్లి చూడండి. స్తంభాలు టేకు, దూలాలు టేకు, చెక్కడాలున్న గుమ్మాలు టేకు. అదంతా ఎక్కడి నుంచి వచ్చింది?

పైనుంచి వచ్చింది. భద్రాచలం, పాపికొండల వైపు అడవుల్లో కొట్టిన దుంగలను తెప్పలుగా కట్టి గోదావరిలో వదిలేవారు. పచ్చి టేకు దుంగ నీళ్లలో సరిగా తేలదు. అందుకని పక్కన వెదురు కట్టలు కట్టి తేల్చేవారు. అంటే టేకు సొంతంగా రాలేదు, వెదురు దాన్ని మోసుకొచ్చింది. రాజమహేంద్రవరం దగ్గర ఒడ్డుకు చేరిన కలప అక్కడి అడితీల్లో అమ్ముడయ్యేది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి, కాలువలు పారడం మొదలయ్యాక, నీళ్లతో పాటు పడవలూ లంకల దాకా వచ్చాయి. పంట పండింది, డబ్బు చేరింది, ఇళ్లు లేచాయి. ఇళ్లు లేవాలంటే కలప కావాలి.

కింద డెల్టాలో ఇళ్లు లేస్తున్న ఆ కాలంలోనే పైన కొండల్లో ఏం జరుగుతోంది? 1879లో రంప తిరుగుబాటు. ఇంటి వాడకానికి గీసుకునే కల్లు మీద కూడా పన్ను పడింది. దాన్ని చిగురుపన్ను అనేవారు. దానికి తోడు మన్సబుదారు దోపిడి, పోడు మీద ఆంక్షలు, షావుకార్ల అప్పులు. కారం తమ్మన్నదొర లాంటి వాళ్లు ముందుండి నడిపిన ఆ పోరాటాన్ని సైన్యాన్ని దింపి అణిచారు. ఆ వెనకే 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు అడవి అని గీత గీసిన చోట అనుమతి లేకుండా చెట్టు కొట్టినా, పోడు కాల్చినా, పశువుల్ని మేపినా నేరమే. నిన్నటిదాకా ఇంటి పెరడులా వాడుకున్న అడవిలోకి అడుగుపెడితే దొంగ అన్నారు. 1922లో చింతపల్లి పోలీసు స్టేషన్ మీద దాడితో మొదలై 1924 మేలో అల్లూరి సీతారామరాజు మరణం దాకా సాగిన పోరాటం వెనక కూడా ఇదే అడవి, ఇదే పోడు, ఇవే ఫారెస్టు ఆంక్షలు, కూలి ఇవ్వకుండా చేయించుకున్న రోడ్డు పని.

అడవి మూసేశారంటే చెట్లు కొట్టడం ఆగిందని కాదు. కొట్టే హక్కు చేతులు మారింది, అంతే. కొట్టిన చేతులు మాత్రం కొండరెడ్లవీ కోయలవే. 1945లో అచ్చయిన "ది రెడ్డిస్ ఆఫ్ ది బైసన్ హిల్స్" అనే పుస్తకంలో మానవశాస్త్రజ్ఞుడు హైమన్‌డార్ఫ్ గోదావరి ఒడ్డు కొండరెడ్ల జీవితం రాశాడు. కలప వ్యాపారుల దగ్గర అప్పుల్లో చిక్కుకుని, ఆ అప్పు తీరేదాకా వాళ్ల కూపుల్లోనే పనిచేసిన మనుషులు అందులో కనిపిస్తారు. అందుకే పాత లోగిలిలో టేకు స్తంభం మీద చెయ్యి వేసినప్పుడు చెక్కిన వడ్రంగినే కాదు, కొట్టి నదిలోకి దింపినవాణ్ని కూడా తలుచుకోండి. వాడికి పేరు లేదు, కూలి కూడా సరిగా లేదు.

వెదురు: మన ఇంట్లో గంప, వాళ్ల పుస్తకంలో చెట్టు

ఇక వెదురు సంగతి. వెదురు నిజానికి గడ్డి జాతి. కొట్టిన చోటే మళ్లీ పిలకలేస్తుంది. కొండరెడ్ల ఇంటి గోడ వెదురు, తలుపు తడిక వెదురు, గింజలు దాచే గాదె వెదురు, చేట, జల్లెడ, బుట్ట అన్నీ వెదురే. చంటిబిడ్డ మొదలు శవం దాకా వెదురు లేకుండా ఏ పనీ నడవదు.

ఆ వెదురుని 1927 నాటి భారత అటవీ చట్టం "చెట్టు" అనే మాటలో కలిపేసింది. చట్టంలో చెట్టు అయితే కొట్టడానికీ అనుమతి కావాలి, తరలించడానికీ అనుమతి కావాలి. గంప అల్లుకునేవాడు నాలుగు బొంగులు తెచ్చుకుంటే కేసు. అదే ఏజెన్సీ వెదురు దశాబ్దాల పాటు కాగితం గుజ్జు కోసం లారీల కొద్దీ రాజమహేంద్రవరం దిగింది. దానికి అడ్డు లేదు.

దీన్ని సరిదిద్దడానికి ఎన్నేళ్లు పట్టిందో చూడండి. 2006లో వచ్చిన అటవీ హక్కుల చట్టం వెదురుని చిన్నతరహా అటవీ ఉత్పత్తిగా గుర్తించి, దాన్ని సేకరించి అమ్ముకునే హక్కు అడవిలో ఉండేవాళ్లకు ఇచ్చింది. 2017 నవంబరులో కేంద్రం 1927 చట్టాన్ని సవరించి, అడవి బయట పెరిగే వెదురుని చెట్ల లెక్కలోంచి తీసేసింది. గడ్డిని గడ్డి అని ఒప్పుకోవడానికి 90 ఏళ్లు. మన రాష్ట్రానికి 1967 నాటి సొంత అటవీ చట్టం కూడా ఉంది కాబట్టి, వెదురు పని పెట్టుకోవాలనుకునేవాళ్లు ముందు రేంజి ఆఫీసులో రవాణా నిబంధనలు అడిగి తెలుసుకోండి. హక్కు ఉందని తెలిసినవాడు అడిగే తీరే వేరుగా ఉంటుంది.

ఈలోగా ఇంకో దెబ్బ తగిలింది. పోలవరం ముంపులో ఊళ్లు వదిలి పునరావాస కాలనీలకు వచ్చిన కుటుంబాలకు ఇల్లు దొరికినా, ఇంటి వెనక వెదురు పొద దొరకలేదు. అల్లే చెయ్యి ఉంది, అల్లడానికి బద్ద లేదు.

పని పేరే కులం పేరైన వాళ్లు

కోనసీమలో ఉన్న మనలో చాలామంది కొండల వాళ్లం కాదు. ఎరుకల వాళ్లం, యానాదుల వాళ్లం. "మాకు అడవితో ఏం పని?" అని కొందరు పిల్లలు అంటుంటారు. వాళ్లకు ఈ భాగం.

మన పెద్దలు పనిని బట్టి పేర్లు పెట్టుకున్నారు. వెదురు చీల్చి బుట్టలల్లేవాళ్లు దబ్బ ఎరుకల. తీరంలో ఉప్పు కొని గాడిదల మీద, ఎడ్ల మీద మెట్ట ఊళ్లకు మోసి ధాన్యానికి మార్చుకునేవాళ్లు ఉప్పు ఎరుకల. కరివేపాకు తిప్పి అమ్మేవాళ్లు కరివేపాకు ఎరుకల. సాలెవారి పడుగుకు గంజి పట్టించే కుంచెలు కట్టేవాళ్లకు ఆ కుంచె పేరే వచ్చింది. ఆ కుంచె లేకపోతే మగ్గం మీద పడుగు నిలవదు. యానాదులు పొలాల్లో పెట్టే ఎలుక బుట్టలు, కాలువల్లో పెట్టే చేపల మావులు కూడా వెదురు పనితనమే. కోనసీమ వరి చేనుని ఎలుక నుంచి కాపాడింది ఆ బుట్టే.

ఇంత పని తెలిసిన మనుషులకు ప్రభుత్వం ఏం పేరు పెట్టింది? ఉప్పు మీద సర్కారు గుత్తాధిపత్యం, ఆ తర్వాత రైలు వచ్చి ఎడ్ల మీది వర్తకాన్ని దెబ్బ తీశాయి. పని పోయి ఊరూరూ తిరుగుతున్నవాళ్లను అనుమానంగా చూశారు. 1871లో ఉత్తరాదిన మొదలైన నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు రాజ్యానికీ వచ్చింది. పుట్టిన బిడ్డ పుట్టుకతోనే అనుమానితుడు. పోలీసుల దగ్గర పేరు రాయించుకోవాలి, వేలిముద్ర వెయ్యాలి, ఊరు దాటాలంటే చీటీ తీసుకోవాలి. బుట్టలు అమ్ముకోవాలంటే ఊరు దాటాలి కదా! స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లు అలా పుట్టాయి. దేశమంతటా ఆ చట్టం రద్దయింది 1952 ఆగస్టు 31న. చట్టం పోయింది కానీ మాట పోలేదు. ఇప్పటికీ ఎక్కడైనా దొంగతనం జరిగితే ముందు ఎవరి గుడిసెల వైపు చూస్తారో మీకు తెలుసు.

అందుకే చెబుతున్నాను. మన పెద్దవాళ్లు గంప అల్లుతారని చెప్పుకోవడానికి సిగ్గుపడకండి. "నేరస్థులు" అన్న మాటకు అది జవాబు.

అయితే ఏ కవర్ కొనాలి?

ఆ తమ్ముడి ప్రశ్నకు వద్దాం. చెక్క కవర్ కొనే ముందు మూడు అడగండి. ఏ చెట్టు? ఎవరి చెయ్యి? ఎవరి బొమ్మ?

మొదట చెట్టు. ఎర్రచందనం కవర్ అని ఎవరైనా చూపిస్తే వద్దనండి. 1995 నుంచి ఆ చెట్టు అంతర్జాతీయ రక్షణ జాబితాలో ఉంది. అంతకన్నా ముఖ్యం, ఆ చెట్టు కోసం ప్రాణాలు పోగొట్టుకునేది పేద కూలీలు. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో పోలీసు కాల్పుల్లో 20 మంది చనిపోయారు. అందరూ తమిళనాడు నుంచి వచ్చినవాళ్లు, వాళ్లలో కొండల్లోని గిరిజనులూ ఉన్నారు. కొన్నవాడి పేరు ఏ పేపర్లోనూ రాలేదు. రోజ్‌వుడ్ అంటే మన జిట్రేగి. అదీ అరుదైపోతున్న చెట్టే, ఎక్కడిదో చెప్పలేని అమ్మకందారు దగ్గర కొనకండి. వెదురు, కొబ్బరి, పనస అయితే నిశ్చింతగా కొనొచ్చు. కాపు ఆగిన కొబ్బరి చెట్టు కోనసీమలో ఏటా కొట్టేదే. 1996 నవంబరు 6 తుపానులో నేలకొరిగిన చెట్లకయితే లెక్కే లేదు. ముదురు కొబ్బరి మాను బయటి భాగం గట్టిగా, నల్లటి చారలతో ఉంటుంది. లోపలి భాగం మెత్తన, అది పనికిరాదు.

రెండోది చెయ్యి. "చేతిపని" అని అమ్మే కవర్లలో చాలావాటికి లోపల ప్లాస్టిక్ చట్రం, పైన కాగితంలాంటి పల్చటి చెక్క అతుకు ఉంటాయి. కెమెరా కన్నం అంచు చూడండి. చెక్క చార అక్కడ మందంలోకి కూడా దిగితే అది నిజం చెక్క, పైపైన ఆగిపోతే అతుకు. అతుకు తప్పేమీ కాదు, సన్నటి చెక్క కిందపడితే పగులుతుంది కాబట్టి లోపల మెత్తటి చట్రం ఉంటేనే ఫోన్‌కి మంచిది. కానీ మెషీన్ కోసినదాన్ని చేతిపని అంటే అది అబద్ధం. మన తేమ గాలికి చెక్క ఉబ్బుతుంది, వెదురుకి పుచ్చు పడుతుంది. వెదురుని నీళ్లలో నానబెట్టి, నీడన ఆరబెట్టి పని చేశారా అని అడగండి. మన పెద్దవాళ్లకు ఆ పద్ధతి తెలుసు. కవర్‌కి అప్పుడప్పుడూ కొంచెం తేనె మైనం రాస్తే నాలుగు కాలాలు ఉంటుంది.

మూడోది బొమ్మ. ఆ తెల్లగీతల మనుషులు మహారాష్ట్ర వార్లీల బొమ్మలు. వాళ్ల పెళ్లిళ్లకు వాళ్ల ఆడవాళ్లు గోడల మీద వేసుకునేవి. "ట్రైబల్" అన్న ఒక్క మాట కింద వార్లీ, సవర, కోయ అందర్నీ కలిపేస్తే ఎవరి పేరూ మిగలదు. మన సవరల గోడ బొమ్మలకు వాళ్ల పేరు ఉంది, వాళ్ల పూజ ఉంది. పేరు రాయకుండా బొమ్మ వాడుకోవడమంటే దుంగ కొట్టినవాడి పేరు లేకుండా స్తంభం నిలబెట్టినట్టే.

పేరు నిలబెట్టుకుంటే ఏమవుతుందో చూడాలంటే వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకకు వెళ్లండి. అక్కడి కళాకారులు మన జాతుల వాళ్లు కాదు. కానీ వాళ్ల అంకుడు కర్ర, వాళ్లు పూసే లక్క రెండూ అడవి ఇచ్చినవే. ప్లాస్టిక్ బొమ్మలు ముంచెత్తినా, ఆకులు, గింజలు, బెరడుల రంగులకు తిరిగి వెళ్లి నిలదొక్కుకున్నారు. 2017లో వాళ్ల బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇప్పుడు ఆ పేరుతో ఇంకెవరూ అమ్మకూడదు. మన వెదురు అల్లికకు ఇంకా అలాంటి పేరు లేదు. తెచ్చుకోవలసింది మనమే.

ఇంకో సంగతి. చెక్క కవర్‌కి ప్రతి మోడల్‌కీ కొలత మారుతుంది, మెషీన్ కావాలి. కానీ సన్నటి వెదురు బద్దలతోనో, ఈత ఆకుతోనో అల్లిన చిన్న సంచి అయితే ఏ ఫోనైనా అందులో పడుతుంది. దానికి కావలసింది పదునైన కత్తి, చీల్చడం తెలిసిన చెయ్యి. ఆ చెయ్యి మీ ఇంట్లోనో, పక్క వీధిలోనో ఇంకా ఉంది. అమ్మమ్మ, తాతయ్య ఉండగానే నేర్చుకోండి. చేసినదాని లోపలి వైపు చేసినవాళ్ల పేరు, ఊరు రాయండి.

ఆ తమ్ముడు చివరికి ఏది కొన్నాడో నాకు తెలియదు. మళ్లీ కలిసినప్పుడు కవర్ బాగుందా అని అడగను. ఎవరు చేశారని అడుగుతాను. అతను ఒక మనిషి పేరు చెప్పగలిగితే చాలు.