బాయి, గుండం, చూరు: రామగుండం బొగ్గు ప్రాంతంలో ఇంటి వాననీటి చరిత్ర

తెలంగాణ వాడుకలో 'బాయి' అంటే బావి. సింగరేణి కార్మికుల నోట అదే మాట బొగ్గుగనికీ పేరైంది. 'బాయి పని', 'బాయి దిగడం' అన్న పలుకుబళ్ళు గోదావరిఖని బస్తీలలో నిత్యం వినిపిస్తాయి. మంచినీళ్ళ బాయి దగ్గరికి మనుషులు నీటికోసం వెళ్తారు. బొగ్గుబాయిలోకి మనిషి దిగాలంటే ముందు నీటిని తోడి బయట పోయాలి. ఈ ప్రాంతంలో ఇంటి నీటి చరిత్ర ఈ రెండు పనుల మధ్యనే నడిచింది. ఇంటికప్పు మీద పడిన వాననీరు ఆ చరిత్రలో ఏ స్థానం పొందిందో, ఎందుకు కోల్పోయిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఊరిపేర్లలో నీటి జాడ

'గుండం' అన్న మాటకు నీటిమడుగు అనీ, నిప్పులగుంట అనీ రెండర్థాలున్నాయి. రామగుండం గుట్టల్లోని రాతి తొలుపులలో వాననీరు నిలిచే చోట్లను ప్రజలు 'రాముని గుండాలు' అంటారు. ఊరికి ఆ పేరు వాటి వల్లనే వచ్చిందని స్థానికుల విశ్వాసం. ఆ విశ్వాసం ప్రకారం బండ పట్టి ఉంచిన వాననీరే ఊరికి తొలి గుర్తు. బొగ్గుగనుల వల్ల ఏర్పడిన పక్క పట్టణం నదిపేరును, గనిపేరును కలుపుకొని గోదావరిఖని అయింది. మొదటి పేరులో నిలిచిన నీరు ఉంది, రెండవ పేరులో తవ్విన నేల ఉంది.

చూరు నీటి ఆచారం

గనులకు పూర్వం ఈ నేల చెరువులు, కుంటలు, చేదబావుల మీద ఆధారపడిన వ్యవసాయ ప్రాంతం. వానాకాలంలో పెంకుటింటి చూరు కింద గోలెం, గంగాళం, బిందె పెట్టి నీరు పట్టుకోవడం తెలుగు పల్లెల్లో సాధారణమైన గృహాచారం. వాననీటిలో పప్పు త్వరగా ఉడుకుతుందని, బట్టలకు సబ్బు తక్కువ పడుతుందని గృహిణులకు అనుభవపూర్వకంగా తెలుసు. నీటిలో కరిగిన సున్నపు లవణాలు తక్కువగా ఉండడమే దీనికి కారణం. ఈ ఆచారానికి ప్రత్యేకమైన కట్టడం అక్కరలేదు. చూరు, వాకిలి ఇంటివారివి కావడమే చాలు.

కంపెనీ క్వార్టరు

1871లో విలియం కింగ్ ఇల్లందు పరిసరాల్లో బొగ్గు నిక్షేపాలను గుర్తించాడు. 1886లో ఇంగ్లండులో ఏర్పడిన హైదరాబాదు (దక్కన్) కంపెనీ తవ్వకాలు ప్రారంభించింది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. రామగుండం ప్రాంతంలో గనుల విస్తరణ ప్రధానంగా 1960 తరువాతి పరిణామం. పల్లెల నుంచి వచ్చిన కార్మికునికి కంపెనీ క్వార్టరు ఇచ్చింది, నల్లా ఇచ్చింది. అది సామాన్యమైన మేలు కాదు. నల్లా రాక ఆడవారికి బిందెల మోత తగ్గించింది. అయితే క్వార్టరు కప్పు కార్మికునిది కాదు, ఉద్యోగ విరమణ తరువాత ఇల్లు ఖాళీ చేయాలి. తనది కాని కప్పుకు గొట్టం అమర్చి, తనది కాని పెరట్లో తొట్టి కట్టించే ప్రయత్నం అరుదుగానే జరుగుతుంది. ఆ విధంగా ఇంటివారు సేకరించుకొనే నీరు, యాజమాన్యం సరఫరా చేసే నీరుగా మారింది. చూరు నీరు విలువ తగ్గి పోలేదు, దాన్ని పట్టే చెయ్యి మారింది.

తోడిన నీరు, ఎండిన బావి

గనిలో ఊరే నీటిని సంపుల్లోకి చేర్చి నిరంతరం పంపులతో పైకి తోడుతారు. అది ప్రాణరక్షణ విధానం. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఈ.పి. గనిలోకి నీరు దూసుకువచ్చి 17 మంది కార్మికులు మరణించిన ఘటన ఆ అవసరాన్ని తెలిపింది. ఓపెన్‌కాస్టు గనులలోనైతే పెద్దవాన పడితే ఉత్పత్తి ఆగుతుంది. రైతుకు వరమైన వాన గనికి నష్టం. నీటిని తోడేకొద్దీ చుట్టుపక్కల భూగర్భ జలమట్టం గనివైపు వాలడం సహజం. సమీపంలోని చేదబావి ఎండడానికి వర్షాభావం ఒక్కటే కారణం కానక్కరలేదు.

ఇంకుడు గుంత, ఇంటి తొట్టి

2000లో 'నీరు-మీరు' కార్యక్రమం, 2002లో ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, చెట్ల చట్టం వర్షజల సంరక్షణను ప్రభుత్వ విధానంగా ముందుకు తెచ్చాయి. వాటితో 'ఇంకుడు గుంత' అన్న మాట జనవ్యవహారంలో స్థిరపడింది. అది నీటిని నేలకు అప్పగించే పద్ధతి. ఇతర ప్రాంతాల్లో ఆ నీరు ఇంటి బోరుకో, పక్కింటి బావికో తిరిగి వస్తుంది. గని చుట్టూ ఇంకిన నీటిలో కొంత గని పంపుకు చేరే అవకాశం ఉంది. కనుక బొగ్గు ప్రాంతంలో ఇంకుడు గుంతతోపాటు ఇంటి తొట్టికీ సమాన స్థానం ఉండాలి.

లెక్క చూస్తే ఈ వాదం స్పష్టమవుతుంది. ఈ ప్రాంతంలో ఏడాదికి సుమారు 1000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. 50 చదరపు మీటర్ల స్లాబుపై అది 50,000 లీటర్లు. ఐదోవంతు వృథా అయినా 40,000 లీటర్లు మిగులుతాయి. వానలు వెనుదిరిగేనాటికి 5,000 లీటర్ల తొట్టి నింపి మూసి ఉంచితే, రోజుకు 50 లీటర్ల చొప్పున మార్చి నుంచి జూన్ మొదటి వారం దాకా 100 రోజులు వస్తుంది. అయితే ఇక్కడి కప్పులపై బొగ్గుధూళి, విద్యుత్ కేంద్రాల బూడిద పేరుకొంటాయి. తొలకరి నీటిని వదిలేయడం, తరువాతి నీటిని ఇసుక, కంకర పొరల ద్వారా పంపడం తప్పనిసరి. పరీక్ష చేయించకుండా ఆ నీటిని తాగడానికి వాడకూడదు. గిన్నెలకు, బట్టలకు, మొక్కలకు వాడితే అంతమేరకు నల్లానీరు ఆదా అవుతుంది.

ముగింపు

బొగ్గు ప్రాంతంలో వాననీటి సేకరణ వెనుకబడడానికి వానలేమి కారణం కాదు. కప్పు ఎవరిది, నేలలోకి దిగిన నీరు ఎవరికి చేరుతుంది అన్న రెండు ప్రశ్నలు దాని చరిత్రను నిర్ణయించాయి. క్వార్టరు ఖాళీ చేసి సొంత ఇల్లు కట్టుకొన్న విశ్రాంత కార్మికుని చేతికి చూరు మళ్ళీ వచ్చింది. కంపెనీ క్వార్టర్ల విషయంలో ఆ బాధ్యత కప్పు యజమానిదే. జీవితమంతా నీటిని తోడివేసి బొగ్గు తీసిన వారి ఇళ్ళకు వేసవి నీటి భరోసా కల్పించడం ఈ చరిత్ర మిగిల్చిన బాకీ.