వికెట్ల వెనక మన జిల్లా మనిషి

6 టెస్టులు, 106 పరుగులు, సగటు 11.77. ఇండియా మాజీ వికెట్ కీపర్ ఎమ్మెస్కే ప్రసాద్ పేరెత్తితే చాలు, తెనాలి బోసు రోడ్డులో మేం కూచునే టీ కొట్టు దగ్గర ఎవరో ఒకరు ఈ లెక్క అప్పజెబుతారు. అప్పజెప్పి నావైపు చూస్తారు. డ్రిల్లు మాస్టారుగా రిటైరైనవాణ్ణి, జిల్లా మ్యాచ్‌లకు అంపైరింగ్ చేసినవాణ్ణి కాబట్టి జవాబు చెప్పాల్సింది నేనేనని వాళ్ళ నమ్మకం. "ఇదీ ఒక ఆటేనా మాస్టారూ?" అంటారు. ఆటే. కాకపోతే ఆ 106కి ముందొక కథ, తర్వాత ఇంకో కథ ఉన్నాయి. రెండూ మన నేలవే.

ముందు నేల సంగతే చెప్తాను. పంట బాగా పండే చోట ఆటస్థలానికి కరువు. పల్నాడులో ఖాళీ జాగాకు కొదవ లేదు గానీ మా డెల్టాలో నేల ఊరికే పడుండదు. వరి కోతకు ముందే చేలో మినుములు చల్లేస్తారు. కుప్ప నూర్చేలోగా మొక్క లేచి నిలబడుతుంది. సంక్రాంతి సెలవుల్లో పిల్లలు బ్యాటు పట్టుకుని చేలోకి దిగితే రైతు కర్ర పట్టుకుని దిగుతాడు, అతని తప్పేం లేదు. మినుము పీకి, ఎండలు ముదిరి, కాలువలు కట్టేశాక గానీ మా వాళ్ళకు ఆట లేదు. ఎండిన కాలువ అడుగున టెన్నిస్ బంతి ఆట అది. గట్టుకు తగిలితే ఫోరు, గట్టు దాటితే సిక్సు. కవర్ డ్రైవ్, స్క్వేర్ కట్ అన్న మాటే ఉండదు, రెండు వైపులా గట్లే కదా. మా కుర్రాళ్ళు నేరుగా లేపి కొట్టడంలో మొనగాళ్ళు కావడానికి సగం కారణం కృష్ణా పశ్చిమ కాలువలేనని నా అభిప్రాయం.

తోలు బంతితో ఆడాలంటే కాలేజీ గ్రౌండ్లే దిక్కు. తెనాలిలో వి.ఎస్.ఆర్. కాలేజీ, బాపట్లలో 1945లో పెట్టిన వ్యవసాయ కళాశాల, 1981లో వచ్చిన ఇంజనీరింగ్ కాలేజీ. పిచ్ అంటే కొబ్బరి పీచు మ్యాటు. నేల తడిపి, రోలరు లాగి, మ్యాటు పరిచి, నలుగురూ నాలుగు పక్కల లాగి పట్టుకుంటే మేకులు దిగ్గొట్టడం. మ్యాటు ఒకటే అయినా ఊరు మారితే బంతి మారుతుంది. బాపట్లది ఇసక నేల. మేకు నిలవదు, నాలుగు ఓవర్లకోసారి మ్యాటు ముడత పడుతుంది, బంతి బద్ధకంగా వస్తుంది. రేపల్లె వైపు నల్లరేగడి. ఎండాకాలంలో రాయిలా బిగుసుకుపోతుంది, దానిమీద మ్యాటు వేస్తే మామూలు మీడియం పేసరు బంతి కూడా గడ్డం దాకా లేస్తుంది. తెనాలిలో రేపల్లె ప్యాసింజరెక్కి, వేమూరు, భట్టిప్రోలు దాటి లైను అయిపోయేదాకా కిట్టు సంచి కాళ్ళ మధ్య పెట్టుకుని వెళ్ళిన కుర్రాళ్ళకు ఈ తేడా ఎవరూ చెప్పక్కర్లేదు, గడ్డం మీద మచ్చే చెబుతుంది.

ఈ మ్యాటు మీద అందరికన్నా ఎక్కువగా మోసపోయేది వికెట్ కీపర్. ఇక్కడ బంతి ఎత్తుగా, ఒక తీరున లేస్తుంది కాబట్టి వాడు తొందరగా లేచి నిలబడటం నేర్చుకుంటాడు. అదే కీపర్ టర్ఫ్ వికెట్ మీదికి వెళ్తే, మూడో రోజు స్పిన్నరు బంతి చీలమండ దగ్గరే పాకుతుంటుంది. కూచుని బంతితోపాటే లేవాలి, ముందు లేవకూడదు. పదేళ్ళు ఒంట్లో పట్టిన అలవాటును రెండు నెలల్లో వదిలించుకోవాలి. మన జిల్లాల నుంచి బౌలర్లూ బ్యాటర్లూ పైకి వెళ్తారేమో గానీ కీపర్ వెళ్ళడం జరిగే పని కాదని మేం అనుకునేవాళ్ళం.

అసలు ఆంధ్ర నుంచి ఎవరు వెళ్ళారు గనక? రాష్ట్రం ఏర్పడ్డ 1953లోనే ఆంధ్ర క్రికెట్ సంఘం పుట్టింది. 1953-54 సీజన్‌లో మొదటిసారి రంజీ ఆడింది. అప్పుడు కెప్టెన్ సి.కె. నాయుడు. 1932లో లార్డ్స్‌లో ఇండియా మొట్టమొదటి టెస్టుకు నాయకత్వం వహించిన ఆ మహానుభావుడే, అప్పటికి 58 ఏళ్ళు. నాగపూర్‌లో పుట్టి పెరిగిన తెలుగువాడు. ఆయన పేరు చెప్పుకుని మనం చాలా ఏళ్ళు బతికాం. ఆయన తర్వాత దక్షిణ మండలంలో హైదరాబాదు, కర్ణాటక, తమిళనాడు జట్ల చేతిలో తన్నులు తినడమే మన పని. లీగులో మ్యాచ్‌లు అయిదే. ఆ అయిదింటిలో రాణించి, పైకి వెళ్ళే జట్టులో లేకపోయినా ఎవరి కంట్లోనన్నా పడాలి.

అలా పడినవాడే ఈ ఎమ్మెస్కే, అంటే మన్నవ శ్రీకాంత్ ప్రసాద్. 1975 ఏప్రిల్ 24న పుట్టాడు. ఊరు మేడికొండూరు, గుంటూరు నుంచి సత్తెనపల్లి వెళ్ళే దారిలో ఉంటుంది. 1998 మేలో మొహాలీలో బంగ్లాదేశ్ మీద మొదటి వన్డే. మరుసటి ఏడాది అక్టోబరులో అదే మొహాలీలో న్యూజిలాండ్ మీద మొదటి టెస్టు. ఆంధ్ర జట్టుకు ఆడుతూ ఇండియా టెస్టు జట్టులోకి వెళ్ళిన మొదటివాడు అతనే. ఆ టెస్టులోనే దేవాంగ్ గాంధీ, విజయ్ భరద్వాజ్ కూడా అరంగేట్రం చేశారు. దేవాంగ్ పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది. ఇండియా మొదటి ఇన్నింగ్స్‌లో 83కే కుప్పకూలింది. అరంగేట్రానికి అంతకన్నా మంచి రోజు దొరకలేదు పాపం!

న్యూజిలాండ్‌తో మూడు టెస్టులు, ఆ శీతాకాలంలో ఆస్ట్రేలియాలో మూడు. అడిలైడ్, మెల్‌బోర్న్, సిడ్నీ, మూడూ ఓడాం. 2000 జనవరిలో సిడ్నీలో లక్ష్మణ్ 167 కొట్టిన టెస్టే ప్రసాద్‌కు ఆఖరిది. ఇక్కడ నేనొక మాట గట్టిగా చెప్తాను. ప్రసాద్ చెడ్డ కీపరు కాదు, చెడ్డ కాలంలో వచ్చిన కీపరు. ఆ సిరీస్‌లో అవతలి జట్టుకు వికెట్ల వెనక నిలబడింది ఎవరు? ఆడమ్ గిల్‌క్రిస్ట్. అంతకు నెల క్రితమే టెస్టుల్లోకి వచ్చి, హోబార్ట్‌లో పాకిస్తాన్ మీద 149 నాటౌట్ కొట్టి కూర్చున్నాడు. క్యాచ్‌లు పడితే చాలు, పరుగులు ఎన్నొస్తే అన్ని అనుకునే కీపర్ల కాలం ఆ నెలతో చెల్లిపోయింది. ఇండియాకు ఆ సంగతి తెలిసింది గానీ మనిషి దొరకలేదు. మోంగియా, ప్రసాద్, సబా కరీం, దహియా, డిఘే, దీప్ దాస్‌గుప్తా, అజయ్ రాత్రా, పార్థివ్ పటేల్. నాలుగేళ్ళు తిరక్కుండానే ఇంతమంది. 2003 ప్రపంచ కప్‌లో ద్రావిడ్ చేతికే గ్లవ్స్ ఇచ్చారు. ఈ వెతుకులాట ముగిసింది మన విశాఖపట్నంలో, 2005 ఏప్రిల్ 5న, పాకిస్తాన్ మీద ధోని 148 కొట్టిన రోజున. 11.77 సగటును ఎగతాళి చేసేవాళ్ళు ఈ వరసలో మిగతావాళ్ళు ఎన్నాళ్ళు నిలిచారో కూడా చూడాలి.

వన్డేలు 17 ఆడాడు, ఎక్కువ స్కోరు 63. ఆ తర్వాత ఆంధ్రకు ఆడుతూ 2008 ప్రాంతంలో ఆట మానేశాడు. సాధారణంగా మనవాళ్ళు ఇక్కడితో కథ చాలిస్తారు. నాకు అసలు కథ ఇక్కడ మొదలవుతుంది.

అతను ఆంధ్ర క్రికెట్ సంఘంలో క్రికెట్ వ్యవహారాల డైరెక్టరయ్యాడు. ఆ కుర్చీ విలువ తెలియాలంటే పాత సెలక్షన్ ఎలా ఉండేదో చూసినవాళ్ళు కావాలి. నాకు తెలిసిన రేపల్లె కుర్రాడొకడు, పేరు ఎందుకు గానీ, మంచి ఆఫ్ స్పిన్నరు. తెల్లారుజామున బండెక్కి ఒక సెలక్షన్‌కు వెళ్ళాడు. మధ్యాహ్నం దాకా చెట్టు కింద కూర్చోబెట్టి, చివర్లో ఒక ఓవరు ఇచ్చారు. జీవితంలో అతను టర్ఫ్ మీద వేసిన మొదటి ఓవరు అదే. బంతి ఎక్కడ పడుతుందో చూసుకునేలోపు అయిపోయింది. ఇప్పుడు ఎరువుల కొట్టు నడుపుతున్నాడు, బాగానే ఉన్నాడు. ప్రతిభను ఒక ఓవరులో చూడలేం. పిల్లవాణ్ణి తెచ్చి, తిండి పెట్టి, చదువు చెప్పించి, టర్ఫ్ మీద ఏడాది పొడవునా ఆడించి అప్పుడు చూడాలి. ఆంధ్ర సంఘం పెట్టిన రెసిడెన్షియల్ అకాడమీల వెనక ఉన్న ఆలోచన అదే. అమ్మాయిలకు గుంటూరులో, అబ్బాయిలకు వయసును బట్టి మంగళగిరి, కడప లాంటి చోట్ల. డబ్బున్న హైదరాబాదు, ముంబై క్లబ్బులు మనకు లేవు కాబట్టి సంఘమే క్లబ్బూ, హాస్టలూ, బడీ అయింది.

ఫలితం కావాలా? విశాఖలో తండ్రి ముత్యాల రెడ్డి ఉద్యోగం వదులుకుని మరీ ఆడిస్తున్న నితీశ్ అనే పిల్లవాణ్ణి చిన్నతనంలోనే గుర్తించి, చదువు, శిక్షణ ఖర్చు సంఘం భరించేలా చూసింది ప్రసాదే. ఆ పిల్లవాడు కడప అకాడమీలో పెరిగి, 2017-18 విజయ్ మర్చంట్ ట్రోఫీలో 1237 పరుగులు చేశాడు. 2024 డిసెంబరు 28న మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియా మీద టెస్టులో ఎనిమిదో నంబరులో దిగి సెంచరీ కొట్టాడు. 99 దగ్గర అతను అవతలి ఎండ్‌లో ఇరుక్కుంటే, కమిన్స్ బంతులు మూడింటిని అడ్డుకుని కాపాడింది హైదరాబాదు సిరాజ్. అంతకు పాతికేళ్ళ ముందు అదే మైదానంలో ప్రసాద్ కీపింగ్ చేశాడు. గుంటూరు షేక్ రషీద్ సంగతీ చెప్పాలి. మంగళగిరిలో సాధన చేసి, 2022లో అండర్-19 ప్రపంచ కప్ గెలిచిన జట్టుకు వైస్ కెప్టెనయ్యాడు. సెమీస్‌లో ఆస్ట్రేలియా మీద 94, ఫైనల్లో అర్ధ సెంచరీ.

2015లో ప్రసాద్ జాతీయ సెలక్టరయ్యాడు, 2016 సెప్టెంబరులో ఛైర్మన్. తోటి సెలక్టర్లలో ఒకడు ఆ మొహాలీ దేవాంగ్ గాంధీ. సెలక్టర్లు టెస్టులు ఆడినవాళ్ళే అయి ఉండాలన్న లోఢా కమిటీ సంస్కరణలతో, టెస్టులు ఆడని ఇద్దరిని పక్కన పెట్టాక మిగిలింది ప్రసాద్, దేవాంగ్, శరణ్‌దీప్ సింగ్. 6, 4, 3, మొత్తం 13 టెస్టులు. ఈ 13ని పట్టుకుని పెద్దలు ఆడిపోసుకున్నారు. నాకది ఒప్పదు. నూరు టెస్టులు ఆడినవాడికి మ్యాటు మీద నుంచి వచ్చిన పిల్లవాడి కష్టం ఎక్కువ తెలుస్తుందని ఏముంది? ఈ కమిటీయే బుమ్రాను టెస్టుల్లోకి తెచ్చింది. 2018-19లో ఆస్ట్రేలియాలో మొదటిసారి సిరీస్ గెలిచిన జట్టును ఎంచింది. అందులో మన హనుమ విహారి కూడా ఉన్నాడు.

అయితే ఒక్కచోట నేనూ ప్రసాద్ తరఫున వాదించలేను. 2019 ప్రపంచ కప్‌కు నాలుగో నంబరు అంబటి రాయుడిదేనని దేశమంతా అనుకుంటుంటే, బ్యాటింగూ బౌలింగూ ఫీల్డింగూ మూడు కోణాలూ ఉన్నవాడు కావాలని విజయ్ శంకర్‌ను తీసుకున్నారు. ఆట చూడటానికి త్రీడీ కళ్ళజోడు ఆర్డరు పెట్టానని రాయుడు ట్వీటు చేశాడు. రాయుడు కూడా గుంటూరులో పుట్టినవాడే. 55 వన్డేల్లో 47.05 సగటు. గాయపడ్డవాళ్ళ స్థానంలో పంత్ వెళ్ళాడు, మయాంక్ వెళ్ళాడు, స్టాండ్‌బైగా ఉన్న రాయుడు మాత్రం వెళ్ళలేదు. జులై 3న రిటైర్మెంట్ ప్రకటించాడు. అదే వారం దాటగానే సెమీఫైనల్లో మన పై వరస 5 పరుగులకు 3 వికెట్లు పోగొట్టుకుంది. 2020 మార్చిలో ప్రసాద్ దిగిపోయి సునీల్ జోషి వచ్చాడు గానీ, బోసు రోడ్డులో ఆ నాలుగో నంబరు ఇంకా ఖాళీగానే ఉంది. నిన్న కూడా ఒకాయన నా చేతిలో గ్లాసు పెట్టి, "మీ ప్రసాద్ రాయుణ్ణి ఎందుకు పంపలేదు మాస్టారూ?" అన్నాడు. తక్కిన ప్రశ్నలన్నిటికీ నా దగ్గర జవాబుంది, టీ తాగి ఇంటికొచ్చేశాను.